విశ్రాంత దంపతుల శీతకాలపు విడిది

ఉద్యోగవిరమణము దినచర్యలో వచ్చు గొప్ప మార్పు. ముప్పది నలువది సంవత్సరములు గడియారమును బట్టి లేచి పనికి పోయిన మనుష్యునకు ఒక్కనాడు ఆ గడియారముతో పని లేకుండ పోవును. మొదటి కొన్ని వారములు హాయిగా నుండును. పిదప ప్రొద్దు గడచుట కష్టమగును. ఆకలి మందగించుట, పగటినిద్ర హెచ్చి రాత్రినిద్ర తగ్గుట, చిన్నమాటకే కోపము వచ్చుట పొడసూపును. ఒంటరితనము దేహమునకు కూడ కీడు చేయునని ప్రపంచ ఆరోగ్యసంస్థ నియమించిన సంఘము 2025లో తెలిపినది. ప్రపంచమున ఆరుగురిలో ఒకరికి ఈ బాధ కలదనియు, దీనితో సంబంధముగల మరణములు ఏటేట 8 లక్షల 71 వేలకు మించుననియు ఆ సంఘము అంచనా వేసినది.

శీతకాలమున ఈ చిక్కు హెచ్చును. చలికి రక్తనాళములు ముడుచుకొని రక్తపుపోటు పెరుగును. గుండెకు శ్రమ అధికమగును. చలికి వెరచి వృద్ధులు ఇల్లు కదలరు, నడక తగ్గును, పలుకరించువారును తగ్గుదురు. కావున చలి తక్కువగా నుండు తావున రెండు నెలలు గడపివచ్చుట విలాసము కాదు. తగురీతిని జరిగినచో అది ఆరోగ్యసాధనమే.

స్థలము

ఆదిలాబాదు ప్రాంతమున శీతకాలపు రాత్రులు కొన్నిసార్లు 10 డిగ్రీలకు దిగువకు పోవును. సముద్రమునకు చేరువనున్న సూరత్ నగరమున జనవరిలో రాత్రి సుమారు 15 డిగ్రీలు, పగలు సుమారు 30 డిగ్రీలు ఉండును. నేతపనికై తెలంగాణము నుండి తరలిపోయిన కుటుంబములు ఆ నగరమున పెక్కు కలవు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున కూడ పాఠశాలలు నడుపుచున్నది. తాపీనదికి ఉత్తరమున, వడోదర పోవు రైలుమార్గముపై కోసాడ్ ఉన్నది. అట్టిచోట కొడుకు వద్దనో కూతురు వద్దనో శీతకాలము గడపబోవు దంపతులను ఉదాహరణముగా తీసికొందము.

విశ్రాంతి ఇద్దరికిని కావలెను

భర్తకు విరమణ కలదు, పింఛను కలదు. భార్యకు వంటయింటి నుండి విరమణ యెక్కడిది? బిడ్డల యింటికి పోయినను వంటయు, మనుమల పోషణయు ఆమెపైననే పడుచుండును. పొయ్యి మారినంతమాత్రమున విశ్రాంతి కాదు. కావున ప్రయాణమునకు ముందే ఇంటివారు కూర్చుండి పని పంచుకొనవలెను. రోజునకు కనీసము రెండు గంటలు ఆమె తనకిష్టమైన పనికి విడిచిపెట్టవలెను. కుట్టుపని, పూలకుండీల పెంపకము, పుస్తకపఠనము, హార్మోనియము, చదరంగము - ఏదైనను సరియే. దంపతులిద్దరి అభిరుచియు ఒకటే కానక్కరలేదు. ఎవరి పని వారు చేసికొని, సాయంకాలము దానిని గురించి ముచ్చటించుకొనుట మేలు.

గుజరాతీ రాదని గదిలోనే ఉండిపోరాదు. రోజుకు నాలుగు మాటల చొప్పున నేర్చినను నెలకు నూటయిరువది మాటలు వచ్చును. క్రొత్తభాష నేర్చుట మెదడునకు మంచి వ్యాయామము. పొరుగువారితో పరిచయమునకు అదియే ద్వారము.

షికార్లు

అరువదియైదేండ్లు దాటినవారు వారమునకు కనీసము 150 నిమిషములు ఒక మోస్తరు వేగముతో నడచుట మంచిదని ప్రపంచ ఆరోగ్యసంస్థ సలహా. తూలిపడకుండ నిలకడ నిచ్చు వ్యాయామములు వారమునకు మూడు దినములు చేయవలెను. తెల్లవారుజామున మంచులో గాక, ఎండ పొడచిన పిదప నడువవలెను.

దూరపు షికారునకు డుమాస్ సముద్రతీరము కలదు. నీటిలోనికి దిగక ఒడ్డుననే తిరుగవలెను. నవసారి జిల్లాలోని దండి గ్రామమున ఉప్పు సత్యాగ్రహ స్మారకము 2019లో ప్రారంభింపబడినది. 1930లో గాంధీమహాత్ముడు సాబర్మతి నుండి దండికి సుమారు 385 కిలోమీటర్లు 24 దినములలో నడచెను. అప్పటికి ఆయనకు అరువదియేండ్లు నిండినవి. మనము అంత దూరము నడువనక్కరలేదు. వయస్సు నడకకు అడ్డు కాదని గ్రహించిన చాలును.

లేత జొన్నకంకులు కాల్చి తీసిన గింజలను అచట పోంక్ అందురు; తెలంగాణములోని ఊస బియ్యమే ఇది. తినవచ్చును గాని, దానితో నిచ్చు ఉప్పుకారపు సేవును రక్తపుపోటు కలవారు తగ్గింపవలెను. ఉంధియు కూరలో నూనె మెండు. రుచికి కొంచెము చాలును. జనవరి 14న ఉత్తరాయణమున గాలిపటముల వేడుక జరుగును. డాబా అంచునకు పోక, కుర్చీపై కూర్చుండి చూడవలెను. ఆనాడు స్కూటరుపై పోవువారు మెడకు గుడ్డ చుట్టుకొనవలెను. మాంజాదారము గొంతు కోయగలదు.

సంగీతసభలు

అహమ్మదాబాదున సప్తక్ సంగీతోత్సవము 1980 నుండి జరుగుచున్నది. ఏటేట జనవరి 1 మొదలు 13 వరకు హిందుస్థానీ విద్వాంసులు పాడుదురు. పాట వినుటకు గుజరాతీ రానక్కరలేదు. త్యాగరాజస్వామి 1847లో పుష్య బహుళ పంచమినాడు సిద్ధిపొందెను. శీతకాలమున వచ్చు ఆ తిథినాడు తెలుగువారున్న పెక్కు పట్టణములలో ఆరాధన జరుపుదురు. పదిమందితో కలిసి గొంతు కలుపుట విని కూర్చుండుటకంటె మేలు. కళలు ఆరోగ్యమునకు తోడ్పడునని ప్రపంచ ఆరోగ్యసంస్థ ఐరోపా శాఖ మూడువేలకు పైగా పరిశోధనలను పరిశీలించి 2019లో తెలిపినది.

సభకు పోవునపుడు ఉన్నిబట్ట వెంట నుంచుకొనవలెను. ధ్వనియంత్రముల చెంత కూర్చుండరాదు. మధుమేహము కలవారు మందువేళయు భోజనవేళయు తప్పరాదు. గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయవలెను. వరుసగా రెండు రాత్రులు జాగరణము కూడదు.

బయలుదేరుటకు ముందు

1. వైద్యునిచే రక్తపుపోటు, చక్కెర పరీక్షింపించుకొనవలెను. ఫ్లూ, న్యుమోనియా టీకాలను గురించి అడుగవలెను.

2. విడిదికాలమునకు సరిపడు మందులును, వైద్యుని చీటీయు చేతిసంచిలోనే ఉంచుకొనవలెను.

3. పింఛనుదారులు నవంబరులో నీయవలసిన జీవనప్రమాణపత్రమును ఏ ఊరినుండియైనను డిజిటల్ పద్ధతిని సమర్పింపవచ్చును.

4. డెబ్బదియేండ్లు నిండినవారు ఆయుష్మాన్ కార్డు తీసికొనవలెను. కుటుంబమునకు ఏటా 5 లక్షల రూపాయల వరకు ఉచితచికిత్స కలదు. పథకములో చేరిన ఆసుపత్రి ఏ రాష్ట్రమున నున్నను కార్డు చెల్లును.

5. రైలులో క్రింది బెర్తు కోరవలెను. నీరు త్రాగుచు, అప్పుడప్పుడు పాదములు కదల్చుచుండవలెను.

రొమ్మునొప్పి, ఊపిరాడకపోవుట, ఒకప్రక్క కాలుసేతులు చచ్చుపడుట, మాట తడబడుట - వీనిలో ఏది కనిపించినను తెల్లవారువరకు వేచియుండరాదు. 108కు ఫోను చేయవలెను. ఆ సంఖ్య గుజరాతులోను, తెలుగురాష్ట్రములలోను పనిచేయును. వృద్ధుల ఇతర కష్టములకు 14567 అను సహాయసంఖ్య కలదు.

విడిదికి పోవు స్థోమత అందరికి నుండదు. అట్టివారు తమ ఊరిలోనే ఒక అభిరుచిని, వారమునకొక షికారును, నెలకొక పాటకచేరిని ఏర్పరచుకొనవచ్చును. ఊరు ఏదైనను, దంపతులిద్దరును కోరి చేయు పనియు, పదిమంది పలుకరింపును ఉన్ననాడే విశ్రాంతజీవనము ఆరోగ్యవంతమగును.