బిళ్ళతో పాటు ఓ ప్రశ్న కూడా

'పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు' అని పెద్దవాళ్ళు ఓ సామెత చెబుతుంటారు. వినడానికి సరదాగానే ఉంటుంది. కానీ ఆ మాట ఓ ఆడపిల్ల పేరు పక్కన చేరితే ఏమవుతుందో మనందరికీ తెలుసు. సంబంధాలు రావు. కుదిరినది నిలవదు. కోపమొస్తే పిచ్చి, ఏడిస్తే పిచ్చి, ఎదురు చెబితే మరీ పిచ్చి! ఇప్పుడా మాట కాస్త నాజూకైంది. 'డిప్రెషనట', 'యాంగ్జయిటీ అట' అంటున్నారు. పేరు మారింది. మరి మనిషిని చూసే చూపు మారిందా?

ఈ సంగతులు తెలుసుకుందామని మచిలీపట్నం, గుడివాడ, దివిసీమల్లో కొందరు ఆడవాళ్ళతో మాట్లాడాను. "మా పేర్లు మాత్రం రాయకమ్మా" అన్నారు. రాయడం లేదు.

స్టీలు డబ్బాలో 'నరాల బిళ్ళ'

గుడివాడలో ఒకావిడకి ఏభై దాటాయి. పోపుల డబ్బా పక్కనే మందుల డబ్బా. బీపీ బిళ్ళ, షుగరు బిళ్ళ, వాటితో పాటు 'నరాల బిళ్ళ'.

"ఎన్నాళ్ళ నుంచి వేసుకుంటున్నారు పిన్నిగారూ?"

"మీ బాబాయిగారు పోయిన ఏడాది నుంచమ్మా. ఎనిమిదేళ్ళు. నిద్ర పట్టడం లేదంటే పదిహేను రోజులకి రాసిచ్చారు. ఆ చీటీ ఎప్పుడో చిరిగిపోయింది. పాత స్ట్రిప్పు చూపిస్తే షాపతను ఇస్తాడు."

చూస్తే అల్ప్రాజోలమ్. కొన్నాళ్ళపాటు ఆందోళన తగ్గించడానికి పనికొచ్చే మందే. కానీ రోజూ వాడితే కొన్ని వారాల్లోనే ఒళ్ళు దానికి అలవాటు పడుతుంది. ఆవిడ ఓసారి ఒక్కసారిగా మానేశారట. గుండెదడ, చెమటలు, రెండు రాత్రులు కంటి మీద కునుకు లేదు. "చూశావా, జబ్బు లోపలే ఉంది, బిళ్ళే ఆపుతోంది అనుకున్నాను" అన్నారు. మందు హఠాత్తుగా మానినందుకు కూడా ఇవే లక్షణాలు వస్తాయని ఆవిడకెవరూ చెప్పలేదు.

ఇది మనకే పరిమితమైన కథ కాదు. ఇదే జాతి మందు డయాజిపామ్ 1963లో అమెరికా మార్కెట్లోకి వచ్చి, కొన్నేళ్ళలోనే అక్కడ అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయిన మందయింది. మింగిన వాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. ఇంటి చాకిరీ, ఒంటరితనం, తాగుడు మొగుడు... అన్నిటికీ ఒకటే బిళ్ళ! 2020లో అమెరికా ఔషధ సంస్థ ఈ జాతి మందులన్నిటి మీదా 'అలవాటు పడే ప్రమాదముంది, హఠాత్తుగా మానితే ప్రాణం మీదకు రావచ్చు' అన్న హెచ్చరికను గట్టిగా ముద్రించమంది. మన దేశంలో 2014 నుంచి అల్ప్రాజోలమ్, డయాజిపామ్ వంటివి 'షెడ్యూల్ హెచ్1'లో ఉన్నాయి. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఎవరికి అమ్మారో షాపువాళ్ళు విడిగా రిజిస్టరులో రాసి మూడేళ్ళు ఉంచాలి. పాత స్ట్రిప్పు చూపిస్తే ఇవ్వడమన్నది చట్టంలో లేదు.

జబ్బుకి పేరు ఎవరు పెడతారు?

షుగరుకి రక్తపరీక్ష ఉంది. టీబీకి కఫం పరీక్ష ఉంది. డిప్రెషన్‌ని తేల్చే రక్తపరీక్షా, స్కానూ ఇంతవరకూ లేవు. డాక్టరు మనతో మాట్లాడి, లక్షణాలు ఎన్ని, ఎన్ని వారాలుగా అని చూసి నిర్ణయిస్తారు. అందుకే డాక్టరు మనకిచ్చే సమయం ముఖ్యం. అయిదు నిమిషాల్లో ఏం చెబుతాం, ఆయన ఏం వింటారు?

ఆ లక్షణాల జాబితాలూ మారుతూనే ఉంటాయి. మన అమ్మమ్మల కాలంలో పదిమందిలో మూర్ఛపోయిన ప్రతి కోడలికీ 'హిస్టీరియా' అనేవారు. గర్భసంచి అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి పుట్టిన పేరది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో తన పుస్తకం నుంచి ఆ పేరు తీసేసింది. స్వలింగ ప్రేమ జబ్బు కాదని అదే సంఘం 1973లో తేల్చింది. అంటే అంతకు ముందు రోజు వరకూ రోగులుగా ఉన్నవాళ్ళు ఆ మర్నాటికి మామూలు మనుషులయ్యారన్నమాట!

'మెదడులో సెరటోనిన్ తగ్గింది, అందుకే ఈ మందు' అని చాలామందికి చెబుతారు. లండన్ పరిశోధకురాలు జోవన్నా మోన్‌క్రీఫ్ బృందం 2022లో అప్పటివరకూ జరిగిన అధ్యయనాలన్నీ పరిశీలించి, ఆ మాటకు నిలకడైన ఆధారం లేదంది. అలాగని మందులు పనిచేయవని కాదు. 2018లో లాన్సెట్ పత్రికలో 522 పరీక్షల ఫలితాలను కలిపి చూశారు. డిప్రెషన్‌కి వాడే 21 మందులూ ఉత్తుత్తి బిళ్ళ కన్నా మెరుగ్గానే పనిచేశాయి. కాకపోతే సగటున ఆ తేడా కొద్దిపాటిదే. రెండు సంగతులూ తెలిస్తేనే కదా నిర్ణయం మనదయ్యేది!

దివిసీమ దుఃఖానికి పేరేమిటి?

1977 నవంబరు 19. ఉప్పెన. పదివేల మందికి పైగా పోయారని అంచనా. నాగాయలంక వైపు ఓ పెద్దావిడ ఆ రాత్రి ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకున్నారు. "నవంబరులో గాలి తిరిగిందంటే ఇప్పటికీ పడుకోను తల్లీ, దీపం పెట్టుకుని కూర్చుంటాను" అన్నారు.

ఆవిడకి జబ్బుందా? ఒకప్పటి అమెరికా పుస్తకంలో అయినవాళ్ళు పోయిన కొత్తలో ఉండే దుఃఖాన్ని డిప్రెషన్‌గా లెక్కించవద్దనే మినహాయింపు ఉండేది. 2013లో దాన్ని తీసేశారు. 2022 నుంచి 'దీర్ఘకాల దుఃఖం' అన్నదే ఓ జబ్బు పేరయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఆరు నెలలు దాటాలి, అమెరికా లెక్కలో పెద్దవాళ్ళకి ఏడాది. ఆ దుఃఖం ఆ సమాజపు ఆచారాన్ని మించి ఉండాలని, రోజువారీ బతుకుని కుంటుపరచాలని కూడా అంటారు. అయినా నాకు సందేహమే. ఇద్దరు బిడ్డల్ని నీళ్ళు పట్టుకుపోతే, దుఃఖానికి గడువు పెట్టడానికి ఎవరం మనం?

"ఊరంతటిదీ అదే కథ. కలిసి ఏడ్చాం, కలిసే నాట్లకెళ్ళాం" అన్నారావిడ. ఆవిడని నిలబెట్టింది అదే. అయితే, ఆ మాట వెంటే ఇంకో సంగతీ చెప్పారు. ఆ వీధిలోనే ఒకామె అన్నం మానేసి, చచ్చిపోయిన పిల్లలు పిలుస్తున్నారంటూ కాలవలోకి దిగబోయేదట. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి మందులు వాడాకే మనిషయిందట. ఇద్దరిదీ ఒకే ఉప్పెన. ఒకరికి మనుషులు చాలారు, ఒకరికి మందు కావలసి వచ్చింది. ఆ తేడా కనిపెట్టడమే వైద్యం.

చీటీ కోర్టు కెక్కితే...

"విడాకుల కేసుల్లో మందుల చీటీ తెచ్చి 'ఈవిడ మెంటల్' అంటారండీ. ప్రసవం తర్వాత నెల రోజులు వాడిన మందైనా సరే" అన్నారు మచిలీపట్నంలో ఓ లాయరు గారు.

భయపడనక్కర్లేదు. జబ్బు పేరు ఒక్కటే విడాకులకి చాలదని, దాని తీవ్రత కలిసి బతకలేనంతగా ఉండాలని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. 2013లో మన రాష్ట్రానికే చెందిన డాక్టరు దంపతుల కేసు వచ్చింది. భార్యకి స్కిజోఫ్రీనియా అని భర్త వాదన. ఆవిడ పై చదువు చదివి ప్రభుత్వ వైద్యురాలిగా ఉద్యోగం చేస్తున్నారు కదా, అంత తీవ్రమైన జబ్బుంటే ఎలా చేయగలరంటూ కోర్టు విడాకులు నిరాకరించింది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. సంఘం కట్టుబాట్లకో, మతవిశ్వాసాలకో తల వంచలేదని ఎవరినీ మానసిక రోగి అనకూడదు. జబ్బు ఉందన్నంత మాత్రాన, కోర్టు చెప్పనిదే మతిస్థిమితం లేనివారు కారు. మన వైద్య వివరాలు గోప్యంగా ఉంచాలి. మన రికార్డులు అడిగి తీసుకునే హక్కు మనకుంది.

మందు మానొద్దు, అడగడం మానొద్దు

ఇది చదివి రేపే బిళ్ళలు పారేయకండి. మందులు అసలే వద్దంటే ఏమవుతుందో 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో చూశాం. దర్గా దగ్గర గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది మంటల్లో కాలిపోయారు. మానాలనుకుంటే డాక్టరు సలహాతో, మెల్లమెల్లగా తగ్గించాలి. ఈసారి వెళ్ళినప్పుడు ఇవి అడగండి:

* నా జబ్బు పేరేమిటి? దేన్నిబట్టి అనుకుంటున్నారు?
* థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించాలా? (నీరసానికి, దిగులుకి అవీ కారణం కావచ్చు.)
* ఈ మందు ఎన్నాళ్ళు? ఎప్పుడు, ఎలా తగ్గిస్తారు?
* బరువు, నిద్ర, నెలసరి, కాన్పు - వీటిమీద ప్రభావం ఉంటుందా?
* మందు కాకుండా మాట్లాడే వైద్యం దొరుకుతుందా?

ఇంట్లో కొడుతున్నారనో, అప్పుల వాళ్ళు వస్తున్నారనో దిగులైతే అదీ డాక్టరుకి చెప్పండి. చెప్పకపోతే ఆయన చీటీలో మందే ఉంటుంది. వెంటనే మాట్లాడే మనిషి కావాలంటే 2022లో మొదలైన 'టెలీ మానస్' ఉంది. నంబరు 14416. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

చీటీలన్నీ ఓ కవరులో తేదీల వారీగా దాచుకోండి. పట్టుచీర కొన్న బిల్లు దాచుకుంటాం కదా, ఇదీ అంతే!