మీకు తెలుసా? మోదుగ పూసే వేళ భైరవకోన

ఫాల్గుణం వచ్చేసరికి దర్శి చుట్టుపక్కల మిరప కల్లాలు ఎర్రబడతాయి. పత్తి చేలల్లో ఆఖరి తీతలు నడుస్తుంటాయి. సరిగ్గా అవే రోజుల్లో మన పడమటి కొండలు ఆకు రాల్చి పువ్వు తొడుగుతాయి. పొదిలి, కనిగిరి, చంద్రశేఖరపురం మీదుగా తెల్లవారుజామునే బయలుదేరితే, ఎండ ముదరక ముందే భైరవకోనలో నడిచి రావచ్చు. జనం పోటెత్తేది కార్తీక పౌర్ణమికే. పూల కోసమైతే మాఘం చివర, లేదా ఫాల్గుణంలో వెళ్ళాలి.

• ఈ కోనలోని ఎనిమిది శివాలయాలు కట్టినవి కావు, కొండను తొలిచి చేసినవి. ఏడు తూర్పు ముఖంగా, ఒకటి ఉత్తర ముఖంగా ఉంటాయి. శిల్పాల్లో పల్లవుల రీతి కనిపిస్తుంది. పక్కనే కొండ మీంచి జలపాతం దూకుతుంది. వేసవికి ధార సన్నబడుతుంది.

• అమెరికాలోని కాలిఫోర్నియా ఎడారుల్లో చలికాలపు వాన బాగా పడితే, నేలలో దాగిన గింజలన్నీ మొలిచి వసంతంలో నేలంతా పూస్తుంది. మన దగ్గర తీరు వేరు. వానలు జూన్ నుంచి నవంబరు దాకా పడతాయి కాబట్టి ఫాల్గుణానికి నేల మీది గడ్డీ గాదరా ఎండిపోయి ఉంటుంది. పూసేవి చెట్లు. కాబట్టి ఇక్కడ నడిచేవాళ్ళు తలెత్తి చూడాలి.

• ఆకు రాల్చాక పూయడంలో చెట్టుకు లాభం ఉంది. ఆకులుంటే వాటి గుండా నీరు ఆవిరైపోతుంది. అవి లేకపోతే మిగిలిన తేమ పువ్వుకు అందుతుంది. అడ్డు లేని పువ్వు పిట్టలకూ తేనెటీగలకూ దూరం నుంచే కనబడుతుంది. మోదుగనే చూడండి. పువ్వుకు వాసన ఉండదు, రంగుతోనే పిలుస్తుంది. చిలుక ముక్కులా వంగిన రేకుల అడుగున తేనె ఉంటుంది. గోరింకో తేనెపిట్టో తల దూర్చితే దాని మెడకూ నుదుటికీ పుప్పొడి అంటుకుంటుంది, తర్వాతి చెట్టుకు చేరుతుంది.

• నాకు మోదుగకన్నా ఇష్టమైనది కొండగోగు. ఎండిన రాళ్ళ మధ్య, ఒక్క ఆకు లేని కొమ్మ చివర, అరచేతంత పసుపుపచ్చ పువ్వు. దానిలో తేనె ఉండదు. ఉన్నది పుప్పొడి ఒక్కటే, అది కూడా పైకి కనబడదు. కేసరాల చివర సన్నని రంధ్రాల లోపల దాగి ఉంటుంది. నల్లని పెద్ద తుమ్మెద వచ్చి కేసరాలను కాళ్ళతో వాటేసుకుని ఒళ్ళంతా అదిరేలా ఝుమ్మంటుంది. ఆ అదురుకు రంధ్రాల్లోంచి పుప్పొడి దాని పొట్ట మీదికి చిమ్ముతుంది. చెట్టు కింద రెండు నిమిషాలు కదలకుండా నిలబడండి. ఎగిరేటప్పుడు తుమ్మెద చేసే చప్పుడు ఒకటి, పువ్వు మీద చేసే చప్పుడు ఇంకొకటి. తేడా చెవికి తెలుస్తుంది.

• ఇప్ప పువ్వు రాత్రి విచ్చుకుని తెల్లవారేసరికి నేల రాలుతుంది. మనుషులు ఏరుకునేలోపే ఎలుగుబంటి వస్తుంది. దాని పై దవడలో ముందరి రెండు పళ్ళు ఉండవు. ఆ సందులోంచే చెదలను గాలితో సహా పీల్చేస్తుంది. ఆ చప్పుడు వంద మీటర్లకు పైనే వినిపిస్తుంది. ఇప్పలు రాలే రోజుల్లో తెల్లవారుజామున అడవి దారిన ఒంటరిగా వెళ్ళకపోవడమే మంచిది.

• నాలుగు కొమ్ములున్న అడవి జంతువు ప్రపంచంలో ఒక్కటే ఉంది. ఆ చిన్న జింక మన నల్లమల అడవుల్లోనూ తిరుగుతుంది. కొమ్ములు మగవాటికే ఉంటాయి.

• దొనకొండ మీదుగా నంద్యాల వెళ్ళే రైలు గిద్దలూరు దాటాక అడవిలోకి దూరుతుంది. నీలిరంగు సాలీడు ఒకటి ఆ అడవిలో చెట్ల తొర్రల్లో బతుకుతుంది. 1899లో గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒక సాలీడును చూసి పోకాక్ అనే శాస్త్రవేత్త ఈ జాతిని ప్రపంచానికి తెలిపాడు. తర్వాత వందేళ్ళకు పైగా దాని జాడ ఎవరికీ తెలియలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ కనబడింది. దాని నీలం రంగు పూత కాదు. వెంట్రుకల్లోని అతి సూక్ష్మమైన అమరిక నీలి కాంతిని మాత్రమే తిప్పి పంపడం వల్ల అలా కనిపిస్తుంది. పూర్తిగా అంతరించే ప్రమాదం అంచున ఉన్న జీవుల జాబితాలో ఇప్పుడు దీని పేరుంది. తొర్ర ఉన్న ముసలి చెట్టును పనికిరానిదని కొట్టేస్తే పోయేది దీని ఇల్లే.

• గుండ్లకమ్మ నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి, రెండు కొండల సందులోంచి మైదానంలోకి వస్తుంది. విజయనగర కాలంలో ఆ సందుకే కట్ట వేశారు. అదే కంభం చెరువు. 2020లో దానికి అంతర్జాతీయ సాగునీటి వారసత్వ గుర్తింపు వచ్చింది. ఆ నది మన చందవరం బౌద్ధ స్తూపం పక్కగానే సాగి సముద్రానికి వెళుతుంది.

వెళ్ళేవాళ్ళకు ఒక మనవి. మనిషికి రెండు లీటర్లు తగ్గకుండా నీళ్ళు పట్టుకెళ్ళండి. కోన దాటి అడవిలోకి వెళ్ళాలంటే అటవీ శాఖ అనుమతి తీసుకోండి. అన్నిటికంటే ముఖ్యం, ఆరని బీడీ, సిగరెట్టు ముక్క ఒక్కటి కూడా పడేయకండి. ఫాల్గుణంలో రాలిన ఆకు మడమలోతున ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు, కొండ కొండంతా అంటుకోవడానికి.