తీరం కోసం నిలబడినవాడు ఓట్ల కోసం నిలబడితే

2014 లోక్‌సభ ఎన్నికల్లో తమిళనాడులోని కన్యాకుమారి స్థానానికి నామినేషన్ వేసిన ఒక అభ్యర్థి తన అఫిడవిట్‌లో 382 క్రిమినల్ కేసులు చూపించారు. హత్యాయత్నం, రాజద్రోహం వంటివి కూడా వాటిలో ఉన్నాయి. అంకె ఒక్కటే వింటే ఎవరో పేరుమోసిన రౌడీ అనుకుంటాం. కానీ ఆయన ఇథియోపియాలో బడిపంతులుగా పనిచేసి, హవాయి విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రంలో డాక్టరేటు చేసి, సొంత ఊరు నాగర్‌కోయిల్‌కు తిరిగివచ్చిన మనిషి. పేరు ఎస్.పి. ఉదయకుమార్. ఆ కేసులు కూడంకుళం అణువిద్యుత్ కేంద్రానికి వ్యతిరేకంగా ఒక చిన్న సముద్రతీరంలో జరిగిన ఉద్యమం తెచ్చిపెట్టినవి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఎక్కడో తమిళనాడు సంగతి మనకెందుకు అనుకోవద్దు. మన హాస్టళ్లలో సముద్రం పక్క ఊళ్ల పిల్లలు చాలామంది ఉన్నారు. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడలో కూడా ఒక్కొక్కటి 1208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెట్టాలని ప్రతిపాదించారు. అందుకే కూడంకుళం కథ కాస్త వివరంగా తెలుసుకోవాలని మేము అనుకున్నాం.

ముందుగా, అణువిద్యుత్ కేంద్రం సముద్రం ఒడ్డునే ఎందుకు కావాలి? కూడంకుళంలో రష్యా పరిజ్ఞానంతో కట్టిన ఒక్కో రియాక్టరు దాదాపు 3000 మెగావాట్ల వేడిని పుట్టిస్తుంది. అందులో 1000 మెగావాట్లు మాత్రమే కరెంటుగా మారుతుంది. మిగిలిన రెండు వంతుల వేడినీ ఎక్కడో ఒకచోట వదలాలి. సముద్రపు నీటిని తోడి, ఆవిరిని చల్లార్చి, వేడెక్కిన ఆ నీటిని మళ్లీ సముద్రంలోకే వదులుతారు. ఆ నీరు సముద్రపు నీటికన్నా 7 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడిగా ఉండకూడదని మన దేశంలో నిబంధన. ఏడు డిగ్రీలే కదా అని చదువుకున్నవాళ్లం అంటాం. ఒడ్డు దగ్గర చిన్న పడవల మీద వేటాడేవాడికి మాత్రం చేప ఉండే చోటు మారిపోతుందేమో అన్నది బతుకు ప్రశ్న. రేడియేషన్ భయం సరేసరి.

ఈ కేంద్రానికి ఒప్పందం 1988లో రాజీవ్ గాంధీ, గోర్బచేవ్ కాలంలో జరిగింది. మరుసటి ఏడాదే జాతీయ మత్స్యకారుల వేదిక దేశం రెండు తీరాల నుంచీ పాదయాత్రలు నడిపింది. నీటిని కాపాడండి, ప్రాణాన్ని కాపాడండి అన్నది వారి నినాదం. తూర్పు యాత్ర బెంగాల్‌లో బయలుదేరి మన ఆంధ్ర తీరం మీదుగానే సాగింది. 1989 మే 1న రెండు యాత్రలూ కన్యాకుమారిలో కలిశాయి. ఆరోజు అక్కడ పోలీసులు కాల్పులు కూడా జరిపారు. తీరాన్ని కాపాడే సి.ఆర్.జడ్. ప్రకటన 1991లో గాని రాలేదు. ప్రాజెక్టు పెట్టేముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలన్న నియమం 1997లో వచ్చింది. కూడంకుళం మొదటి రెండు రియాక్టర్లకు పర్యావరణ అనుమతి 1989లోనే ఇచ్చేశారు. కాబట్టి ఆ ఊళ్లవారిని చట్టప్రకారం ఎవరూ అడగవలసిన పని లేకపోయింది!

2002లో నిర్మాణం మొదలైంది. 2004 డిసెంబరు 26న సునామీ ఆ తీరాన్నీ కొట్టింది. 2011 మార్చిలో జపాన్‌లోని ఫుకుషిమా ప్రమాదాన్ని టీవీల్లో చూశాక, సునామీ రుచి తెలిసిన ఆ జనానికి ఇక ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేకపోయింది. ఆ ఏడాదే ఇడిందకరై అనే మత్స్యకార గ్రామం ఉద్యమానికి కేంద్రమైంది. లూర్దుమాత చర్చి ముందు పందిరి వేసి రిలే నిరాహారదీక్షలు చేశారు. బీడీలు చుట్టుకునే ఆడవాళ్లు ఆ పందిరి కిందే బీడీలు చుడుతూ కూర్చున్నారు. మగవాళ్లు వేట రాబడిలో కొంత ఉద్యమానికి తీసిపెట్టారు. అణుశక్తి వ్యతిరేక ప్రజా ఉద్యమానికి ఉదయకుమార్ సమన్వయకర్త. ఆయన జాలరి కుటుంబంలో పుట్టినవాడు కాడు. అయినా 2012 నుంచి అరెస్టును తప్పించుకుంటూ దాదాపు రెండేళ్లు ఆ ఊళ్లోనే, ఆ జనం కాపలాలోనే ఉండిపోయారు. నాగర్‌కోయిల్‌లో ఆయన కుటుంబం నడిపే బడిపై దాడి జరిగినా ఊరు వదలలేదు.

ఇప్పుడు ఓట్ల సంగతికి వద్దాం. 2011 సెప్టెంబరులో తమిళనాడు మంత్రివర్గం, ప్రజల భయాలు తీరేదాకా పనులు ఆపమని కేంద్రాన్ని కోరింది. ఉద్యమం గెలిచినట్లే కనిపించింది. 2012 మార్చి 18న అదే జిల్లాలో శంకరన్‌కోవిల్ ఉపఎన్నిక పోలింగ్ జరిగింది. మార్చి 19న అదే మంత్రివర్గం పనులు మొదలుపెట్టవచ్చని తీర్మానించింది. ఈ రెండు తేదీల మధ్య ఒక్క రాత్రే ఉంది. ఉదయకుమార్ వంటివారికి ఎన్నికల మీద ఆలోచన ఎందుకు పుట్టిందో అర్థం కావడానికి మాకు ఇంతకుమించిన ఆధారం అక్కరలేదనిపించింది.

2012 సెప్టెంబరు 10న కేంద్రాన్ని ముట్టడించబోయిన జనం మీద పోలీసులు ఇసుకతిన్నెల మీదే బాష్పవాయువు ప్రయోగించారు. మణపాడులో ఒక మత్స్యకారుడు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆ తరువాత జనం నడుంలోతు సముద్రంలో నిలబడి నిరసన తెలిపారు. వేలాదిమంది మీద రాజద్రోహం కేసులు పెట్టారు. 2013 మే 6న సుప్రీంకోర్టు కేంద్రం నడవడానికి ఒప్పుకుంటూ, భద్రత విషయంలో పలు ఆదేశాలిచ్చింది. ఆందోళనకారుల కేసుల ఉపసంహరణకు ప్రయత్నించాలనీ చెప్పింది. ఆ అక్టోబరులో కరెంటు గ్రిడ్‌లోకి వెళ్లింది.

వీధి అయిపోయింది, కోర్టు అయిపోయింది. మిగిలింది బ్యాలెట్టు. 2014లో ఉద్యమ నాయకులు ముగ్గురు ఆమ్ ఆద్మీ పార్టీ తరఫున మూడు స్థానాలకు నిలబడ్డారు. ఉదయకుమార్ కన్యాకుమారి నుంచి, మిగతా ఇద్దరు తిరునెల్వేలి, తూత్తుకుడి నుంచి. ఇక్కడే ఒక చిక్కుంది. ఇడిందకరై, కూడంకుళం ఉన్నది రాధాపురం అసెంబ్లీ పరిధిలో. అది తిరునెల్వేలి లోక్‌సభ స్థానం కిందికి వస్తుంది. అంటే తమతో కూర్చుని పస్తులున్న మనిషికి ఓటు వేసే అవకాశమే ఇడిందకరై వాళ్లకు లేదు! నియోజకవర్గం గీత గీసేవారికి ఏ ఊరు ఏ ఉద్యమంలో ఉందో అనవసరం.

కన్యాకుమారిలో పోలైన ఓట్లు పది లక్షలకు దగ్గర. డిపాజిట్ దక్కాలంటే ఆరోవంతు, అంటే లక్షన్నర దాటాలి. ఆయనకు వచ్చినవి పదిహేను వేల పైచిలుకు. బి.జె.పి. అభ్యర్థి పొన్ రాధాకృష్ణన్ గెలిచారు.

జనం మోసపోయారనో, డబ్బుకు అమ్ముడుపోయారనో తేల్చేయడం సులువే. మేము అలా అనుకోవడం లేదు. ఆ రోజుల్లో తమిళనాట రోజుకు గంటల తరబడి కరెంటు కోత ఉండేది. పరీక్షలకు చదువుకునే పిల్లవాడు, మోటారు నడవని రైతు, మగ్గం ఆగిన నేతగాడు కూడా ఓటర్లే. తీరం మీద భయం ఎంత నిజమో వాళ్ల చీకటీ అంత నిజం. ఆ రెంటికీ కలిపి సమాధానం చెప్పడానికి నెలా రెండు నెలల ప్రచారం చాలదు. పైగా ఆయన చేరిన పార్టీ అణువిద్యుత్తు మీద తన మాటేమిటో తేల్చి చెప్పలేదు. ఆ కారణంతోనే అదే ఏడాది అక్టోబరులో ఆయన బయటికి వచ్చేశారు.

తరువాత పచ్చై తమిళగం, అంటే పచ్చని తమిళనాడు అనే పార్టీ పెట్టి, 2016 అసెంబ్లీ ఎన్నికల్లో రాధాపురం నుంచే పోటీ చేశారు. ఈసారి ఇడిందకరై ఓటు ఆయనకు వేయడానికి అడ్డు లేదు. అయినా ఓడిపోయారు. విచిత్రమేమిటంటే, అక్కడ అన్నాడి.ఎం.కె. అభ్యర్థి డి.ఎం.కె. అభ్యర్థిపై గెలిచింది 49 ఓట్ల తేడాతో. ఉదయకుమార్‌కు పడిన ఓట్లు అంతకు ఎన్నో రెట్లు. గెలవలేని ఊళ్లు కూడా ఎవరు గెలవాలో తేల్చగలవని ఆ లెక్క చూసిన పెద్ద పార్టీలకు తెలియకుండా ఉంటుందా?

2021లో తమిళనాడు ప్రభుత్వం పలు ఉద్యమాల కేసులను ఉపసంహరిస్తున్నట్టు ప్రకటించింది. వాటిలో కూడంకుళం కేసులూ ఉన్నాయి. కూడంకుళంలో మాత్రం మరో నాలుగు రియాక్టర్ల నిర్మాణం చేపట్టారు.

మన శ్రీకాకుళంలో 2010 జులై 14న సోంపేట బీల భూముల్లో థర్మల్ కేంద్రానికి వ్యతిరేకంగా జనం నిలబడితే కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతి రద్దయింది. అక్కడ ఎవరూ ఎమ్మెల్యే కావలసిన అవసరం రాలేదు, కాని రెండు ప్రాణాలు పోయాయి.

మా ఇళ్లలో డిగ్రీ చదివినవాళ్లం మేమే మొదటివాళ్లం. ఊళ్లో ఏ కాగితం వచ్చినా చదివి చెప్పమని మన దగ్గరికే తెస్తారు. కాబట్టి ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. 2006 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రాజెక్టు నివేదిక సారాంశం తెలుగులో కూడా అందుబాటులో ఉంచాలి. సభలో ఎవరేమన్నారో రాసుకుని, ముగిసేముందు దాన్ని తెలుగులో చదివి వినిపించాలి. చదివేటప్పుడు మన ఊరివాళ్లు చెప్పిన మాట అందులో లేకపోతే, అక్కడికక్కడే లేచి అడగవచ్చు. అందుకు డిపాజిట్ కట్టనక్కరలేదు.