మీ కొయ్యసామానుకు ఏ మెరుగు?

చేతితో చేయించిన కొయ్యసామాను విషయంలో మనవారి శ్రద్ధ కలప దగ్గరనే ఆగిపోతుంది. టేకు పాతదా, కొత్తదా, చేవ ఎంత ఉన్నది, అతుకులు బిగువుగా కుదిరినవా అని ఎంతో పరిశీలిస్తారు. తీరా వడ్రంగి “పాలిష్ ఏది పెట్టమంటారు?” అని అడిగితే, “బాగా మెరిసేది పెట్టు” అని ఊరుకుంటారు. ఆ ఒక్క మాటతో బల్ల భవిష్యత్తు సగం నిర్ణయమైపోతుంది.

మెరుపు దాదాపు ప్రతి పూతకూ వస్తుంది. అడగవలసిన ప్రశ్నలు వేరు. ఈ సామాను మీద పడేది నీరా, వేడి గిన్నెయా, ఎండయా? పూత చెడిన నాడు దానిని ఇంటివద్దనే బాగుచేయించుకొనగలమా?

అడవి ఇచ్చిన పూత

ఛత్తీస్‌గఢ్‌లో, ఒకనాటి బస్తర్ దక్షిణపు కొసన, నేటి సుక్మా జిల్లాలో కుంటకు పోయే రహదారిపై ఎర్రబోరు ఉన్నది. కుంట దాటితే ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు సీమ. 2006 జూలైలో అక్కడి శిబిరంపై జరిగిన దాడి వలననే ఆ ఊరి పేరు దేశమంతటా వినబడినది. కాని బస్తర్ అడవులను తలచుకొనడానికి మరొక కారణం కూడా ఉన్నది. మన కొయ్యసామానుకు అనాదిగా వన్నె తెచ్చిన లక్క అటువంటి అడవుల పంటయే. నేటికీ లక్క ఉత్పత్తిలో జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాలు ముందున్నవి.

మోదుగ, రేగు, పుసుగు చెట్ల లేత కొమ్మలపై లక్కపురుగులు చేరి, రసం పీల్చి, తమ చుట్టూ ఒక బంకను కవచంగా కప్పుకొంటాయి. మోదుగ, రేగు చెట్లపై పండేదానిని రంగీనీ అనీ, పుసుగు చెట్టుపై పండేదానిని కుసుమీ అనీ అంటారు. రెండింటికీ ఏటా రెండేసి పంటలు. కుసుమీ లక్క రంగు తేలిక. కనుక లేతవన్నె కలపకు అదే తగినది. కొమ్మల నుండి గీరిన లక్కను దంచి, కడిగి, కరగించి పలుచని రేకులుగా సాగదీస్తారు. ఆ రేకులను స్పిరిటులో కరగించినదే లక్క పాలిష్. గుడ్డ ఉండతో పలుచగా, అనేక పర్యాయాలు దీనిని పూయాలి.

లక్కయింటి కథ తెలిసిన మనకు దాని బలహీనత వేరుగా చెప్పనక్కరలేదు. సుమారు 75 డిగ్రీల సెల్సియస్ వద్ద లక్క మెత్తబడుతుంది. వేడి గిన్నె పెడితే మచ్చపడుతుంది; నీరు నిలిస్తే తెల్లబారుతుంది; సోడా నీరు, స్పిరిటు దానిని కరగిస్తాయి. నెలల తరబడి నిలవ ఉన్న ద్రావణం ఎంతకూ గట్టిపడక జిగటగా మిగిలిపోతుంది. పని ప్రారంభించే ముందు గాజు పలకపై ఒక చుక్క ఆరబెట్టి చూడడం మేలు.

అయితే దాని గొప్ప గుణం కూడా ఆ కరిగే స్వభావంలోనే ఉన్నది. కొత్త పూత పాత పూతను కొంత కరగించి దానితో ఏకమైపోతుంది. గీత పడిన చోటును మాత్రమే అతుకు తెలియకుండా సరిచేయవచ్చును. ఔషధపు మాత్రలపై పూతగా కూడా లక్కను వాడుతున్నారు.

వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో స్పిరిటు అవసరం కూడా లేదు. తిరిగే అంకుడు కర్రకు రంగు లక్కను ఒత్తిపట్టితే, రాపిడి వేడికే అది కరిగి కర్రకు పట్టుకొంటుంది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది.

తక్కిన పూతలు

అవిసె నూనె కలపలోనికి ఇంకి, చెక్క చారలను అందంగా చూపుతుంది. పూయడం సులభం, రక్షణ మాత్రం స్వల్పం. గాలిలోని ప్రాణవాయువుతో కలిసి గట్టిపడే సమయంలో అది వేడిని పుట్టిస్తుంది. నూనె గుడ్డలను కుప్పగా వేస్తే ఆ వేడి బయటకు పోక, వాటంతటవే అంటుకొనవచ్చును. 1991 ఫిబ్రవరి 23న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, చెక్కపనికి మెరుగుపెట్టిన వారు వదలిన అటువంటి గుడ్డలనుండి పుట్టిన మంట 38 అంతస్తుల వన్ మెరిడియన్ ప్లాజా భవనానికి వ్యాపించినది. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది మరణించారు. గుడ్డలను విడివిడిగా, ఆరుబయట పరచి ఆరనివ్వాలి. లేదా నీటిలో ముంచి ఉంచాలి.

పాలీయురెథేన్ పూత గట్టి పొర. నీటికీ, రాపిడికీ బాగా ఓర్చుకొంటుంది. కాని లోతుగా గీత పడితే ఆ మేరకు అతికించడం కష్టం. తరచు పైభాగమంతా గీకి మరల పూయవలసి వస్తుంది. రెండు డబ్బాలు కలిపి వాడే రకంలోని గట్టిపరచే ద్రవ్యం ఊపిరితిత్తులకు హానికరం. పిచికారీ చేసే పనివానికి తగిన ముసుగు, గాలి ఆడే చోటు కల్పించడం యజమాని ధర్మం.

కలపకూ తన ఇష్టాయిష్టాలున్నవి. టేకులోని సహజమైన నూనె పూతను పట్టనీయదు. ముందుగా థిన్నరుతో తుడవాలి. జిట్రేగిలోని పదార్థాలు నూనె వార్నిషును త్వరగా ఆరనీయవు. అడుగున ఒక లక్క పూత వేస్తే ఆ చిక్కు తీరుతుంది. బల్లకు పైనేగాక అడుగున కూడా పూత వేయించాలి. లేనిచో ఒకవైపే తేమ పీల్చి పలక వంగవచ్చును. అన్నిటికంటె ముందు, మిగిలిన తుంటపై పూసి చూచుకొనడం ఉత్తమం.

భోజనపు బల్లకు పాలీయురెథేన్. వాకిట ఎండకు, వానకు ఉండే కుర్చీకి ఆరుబయటి వార్నిషు. పుస్తకాల బీరువాకు, మంచపు తలాపికి, పూజామందిరానికి లక్క. ఈ విభజన చాలవరకు సరిపోతుంది.

లక్కను ఎన్నుకొన్నవారు అడవికి కూడా మేలు చేసినవారవుతారు. మోదుగను నరికితే వంటచెరకుగా ఒక్కసారే ధర పలుకుతుంది. నిలిచి ఉన్న మోదుగ ఏటా రెండు పంటలనిస్తుంది. ఆ పంటకు గిరాకి ఉన్నంతవరకు, చెట్టును కాపాడుకొనడానికి అడవిలో నివసించేవారికి బలమైన కారణం ఉంటుంది.