నేను పెట్టిన సంతకం

మా కాలంలో బి.కాం. పాసయ్యాక ఉద్యోగం వెతుక్కునేవాళ్లం. ఇప్పుడు మధ్యలో ఇంటర్న్‌షిప్ అనే మెట్టొకటి వచ్చింది. వేసవి రాగానే "అంకుల్, మీ బ్యాంకులో ఇప్పించండి" అంటూ పిల్లలు వస్తుంటారు. ఆ విషయంలో నేను చేసిన తప్పొకటి చెప్పుకోవాలి.

చెన్నైలో బ్రాంచి మేనేజరుగా ఉన్నప్పుడు, బాగా తెలిసినవారి అబ్బాయి వచ్చాడు. రెండు రోజులు కూర్చున్నాడు, మూడోనాటి నుంచి కనిపించలేదు. చివర్లో తండ్రిగారు వచ్చి, "ఊరుకాని ఊళ్లో మనవాళ్లకి మనం కాకపోతే ఎవరండీ?" అన్నారు. ఆరు వారాలు పనిచేశాడని సంతకం పెట్టేశాను.

అదే వేసవిలో ఒక అమ్మాయి రోజూ వచ్చింది. ఖాతాదారుల వివరాలు బయటివారికి చూపకూడదు గనుక, నేనే కల్పించిన స్టాక్ స్టేట్‌మెంట్ ఒకటి ఇచ్చాను. వ్యాపారి దగ్గర సరుకు 10 లక్షలు. అందులో ఇంకా డబ్బు చెల్లించనిది 2 లక్షలు. మిగిలిన 8 లక్షల్లో 25 శాతం మార్జిన్ తీసేస్తే 6 లక్షలు. వ్యాపారి వాడుకోదగిన ఈ మొత్తాన్నే డ్రాయింగ్ పవర్ అంటాం. లెక్క చిన్నపిల్లలు చేసేదే. ఆ 2 లక్షలు ఎందుకు తీసేయాలని అడిగింది. చెప్పబోయేలోగా తనే, "అరువు తెచ్చిన సరుకు మీద మనం మళ్లీ అప్పిస్తే ఎలాగండీ!" అంది. పుస్తకంలో చదివితే ఆ ప్రశ్న పుట్టదు.

ఇద్దరూ ఒకే ఫైనాన్స్ కంపెనీకి ఇంటర్వ్యూకు వెళ్లారు. ఇద్దరి చేతిలోనూ నా సంతకమే. బ్యాంకులో ఏం చేశావంటే ఆ అమ్మాయి కాగితం మీద లెక్క వేసి చూపిందట. ఉద్యోగం వచ్చింది. అబ్బాయి డ్రాయింగ్ పవర్ అన్న మాటే వినలేదు. "మీరు చెప్పి ఉండాల్సింది అంకుల్" అన్నాడు. కోపం రాలేదు, సిగ్గేసింది.

తల్లిదండ్రులు ఒకటి గమనించాలి. ఇంటర్న్‌షిప్ వేరు, అప్రెంటిస్‌షిప్ వేరు. రెండోదానికి 1961 నాటి చట్టం ఉంది. 2014 సవరణతో ఇంజనీరింగు కాని డిగ్రీలవారికీ దారి తెరుచుకుంది. స్టైపెండ్ ఇస్తారు. ఆ తర్వాత ఉద్యోగం ఇచ్చి తీరాలని మాత్రం చట్టంలో లేదు. తమిళనాడు, కర్ణాటక, యానాం పిల్లలకు సంబంధించిన అప్రెంటిస్‌షిప్ బోర్డు చెన్నై తరమణిలో ఉంది. మహారాష్ట్రవారికి ముంబై, ఒడిశావారికి కోల్‌కతా. పెద్ద కంపెనీల్లో నెలకు 5,000 రూపాయలిచ్చే ఇంటర్న్‌షిప్ పథకాన్ని కేంద్రం 2024 అక్టోబరులో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. ఎదురు డబ్బు కట్టించుకుని సర్టిఫికెట్ చేతిలో పెట్టేవారి జోలికి మాత్రం పోకండి. రెండు రోజుల హాజరుకు నేనిచ్చిన కాగితమూ అలాంటిదే, డబ్బు తీసుకోలేదంతే.

ఇప్పుడు ఎన్ని రోజులు వచ్చారో, ఏ పని చేశారో సర్టిఫికెట్‌లోనే రెండు వరుసలు రాస్తున్నాను. పోయిన ఉగాది వేడుకలో ఒక తండ్రిగారు నన్ను చూసి ముఖం తిప్పుకున్నారు. వారి అబ్బాయి కాగితంలో నేను రాసింది "తొమ్మిది రోజులు" అని.