76వ నంబరు బూడిద

కోలారు జిల్లాలో ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని ఉన్న ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు తెలుగు సినిమా, కన్నడ సినిమా రెండూ ఇంటి సినిమాలే. అక్కడి పాత సినిమా అభిమానులకు రెండేళ్ళ తేడాతో రెండు వింతలు ఎదురయ్యాయి. రాజ్‌కుమార్ నటించిన 1965 నాటి కన్నడ ‘సత్య హరిశ్చంద్ర’ 2008 ఏప్రిల్‌లో రంగులద్దుకుని వచ్చింది. దక్షిణాదిలో అలా వచ్చిన మొదటి సినిమా అదే. ఆ తర్వాత 2010 జనవరి 30న రంగుల ‘మాయాబజార్’ వచ్చింది. మొదటిదానికి నిర్మాత, రెండోదానికి దర్శకుడు ఒక్కరే: కె.వి.రెడ్డి. ఆయన 1972లోనే పోయారు. కాబట్టి ‘మాయాబజార్’ నాయిక శశిరేఖ చీర ఏ రంగుదని ఆయన్ను అడిగే వీల్లేకపోయింది.

నెగిటివ్‌ను అడిగినా లాభం లేదు. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము మీద ఉండేవి వెండి రేణువులు. ఎంత వెలుతురు తగిలిందో అవి చెబుతాయి గానీ ఏ రంగు వెలుతురో చెప్పవు. కంప్యూటరు లెక్కలో నలుపు 0, తెలుపు 255, ఆ మధ్యవన్నీ బూడిద ఛాయలు. రంగు బొమ్మను బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చడానికి టీవీ ఇంజనీర్లు పెట్టుకున్న సూత్రం ప్రకారం ఎరుపులో 29.9 శాతం, ఆకుపచ్చలో 58.7 శాతం, నీలంలో 11.4 శాతం తీసుకుని కూడాలి. మన కంటికి ఆకుపచ్చ ఎక్కువ వెలుగ్గా, నీలం తక్కువ వెలుగ్గా తోచడమే ఈ వాటాలకు కారణం. ఈ లెక్కన నిండు ఎరుపు 76వ నంబరు బూడిద అవుతుంది. 130 పాళ్ళ ముదురు ఆకుపచ్చా 76 దగ్గరే ఆగుతుంది. నిండు నీలంలో ఎరుపు, ఆకుపచ్చ 53 చొప్పున కలిపినా మళ్ళీ 76. ఫిల్ము స్పందించే తీరు దీనికి కాస్త తేడాగా ఉన్నా జరిగే నష్టం ఒకటే. మూడు అంకెలు కూడితే 76 వచ్చిందని మాత్రం చెప్పి, ఆ మూడూ ఏవో చెప్పమంటే ఎలా ఉంటుందో, పాత సినిమాకు రంగు కనిపెట్టమనడం అలా ఉంటుంది.

రంగు దొరకదని తెలిసినా అద్దాలన్న కోరిక ఫోటో పుట్టినప్పటి నుంచీ ఉంది. అందులో బంగారానికీ చిన్న పాత్ర దక్కింది. 1840లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫీజో వెండి పలక మీది ఫోటోను గోల్డ్ క్లోరైడ్‌తో తడిపి చూశాడు. బొమ్మ నిగ్గు తేలింది, చెరగకుండా నిలిచింది. తర్వాత కాగితం ఫోటోలకూ ఇదే వాడారు. వెండి కొంత తొలగి, దాని చోట బంగారం చేరి, బొమ్మకు ఊదా కలిసిన గోధుమ ఛాయ వచ్చేది. 1880లో జాన్ టేలర్ కంపెనీ కోలారు గనుల్లోకి దిగేనాటికి ఫోటో స్టూడియోల్లో ఇది మామూలు పని.

1902లో పారిస్ దగ్గర దర్శకుడు మెలియె తన చంద్రయాత్ర సినిమా తీశాడు. దాని రంగుల ప్రతులు ఎలిజబెత్ తుయిలియె కార్ఖానాలో తయారయ్యేవి. అక్కడ సుమారు 200 మంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని పనిచేసేవారు. ఒక్కొక్కరిదీ ఒక్కటే రంగు. అంగుళం వెడల్పయినా లేని ఫ్రేములో తన రంగు పడాల్సిన చోట సన్నని కుంచెతో అద్ది, రీలును పక్కమ్మాయికి అందించాలి. ప్రతి ప్రతికీ ఈ తతంగం మొదటి నుంచీ జరగాల్సిందే. అలా రంగులద్దిన చంద్రయాత్ర ప్రతి ఒకటి 1993లో బార్సిలోనాలో బయటపడింది. బాగుచేసి 2011లో కాన్స్ ఉత్సవంలో చూపించారు.

రంగు బొమ్మలో ఉండదు, ఎవరో నిర్ణయించాలన్న సంగతి కామిక్స్‌లో ఇంకా తేటగా కనిపిస్తుంది. లీ ఫాక్ సృష్టించిన ఫాంటమ్ 1936లో దినపత్రికల్లో బ్లాక్ అండ్ వైట్‌లోనే పుట్టాడు. అతని దుస్తులు బూడిద రంగువని ఫాక్ ఊహ. 1939లో ఆదివారం రంగుల పేజీ మొదలయ్యేసరికి అమెరికాలో అవి ఊదా రంగయ్యాయి. ఇటలీలో ఎరుపు, స్కాండినేవియా దేశాల్లో నీలం. బొమ్మ ఒకటే, గీతలు అవే, రంగు మాత్రం ఏ దేశపు అచ్చాఫీసు నిర్ణయం ఆ దేశానిది. చూసి పెరిగిన పిల్లలకు తమ ఫాంటమే అసలు ఫాంటమ్.

కుంచె పని యంత్రానికి అప్పగించినవాడు విల్సన్ మార్కల్. 1970లో అతను అపోలో చంద్రయాత్రల బ్లాక్ అండ్ వైట్ దృశ్యాలకు రంగు వేసి, 1983లో ఆ పనికే ఒక కంపెనీ పెట్టాడు. పద్ధతి తేలికైనదే. షాట్‌లో మొదటి ఫ్రేము తీసుకుని ముఖం, కోటు, గోడ అంటూ భాగాలు గీసి ఒక్కోదానికి రంగు చెప్పాలి. తర్వాతి ఫ్రేములో బూడిద ఛాయ మారని చోట యంత్రం అదే రంగు కొనసాగిస్తుంది. మారిన చోట మనిషి మళ్ళీ చెయ్యి పెట్టాలి. ఇందులో కంటి బలహీనత ఒకటి కలిసొచ్చింది. వెలుగునీడల్లో వెంట్రుకవాసి తేడాను పట్టేసే కన్ను, రంగు అంచు కొంచెం అటూ ఇటూ అయితే పట్టించుకోదు. కాబట్టి వివరమంతా పాత బొమ్మే మోస్తుంది. రంగు దాని మీద పలచని పొరగా పడితే చాలు.

హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ 2007 చివర్లో ‘మాయాబజార్’తో కలిపి 14 తెలుగు సినిమాల నెగిటివ్ హక్కులు కొనేనాటికి ఈ పని పూర్తిగా డిజిటల్ అయింది. 165 మంది, ఎనిమిది నెలలు. తెరకు చేరిన 165 నిమిషాల సినిమాను సెకనుకు 24 ఫ్రేముల చొప్పున లెక్కేస్తే 2,37,600 ఫ్రేములు. స్కాన్ చేసిన ప్రతి ఫ్రేములో ముందు గీతలు, దుమ్ము, మరకలు తుడవాలి. తర్వాత రంగు పడాల్సిన ఒక్కో భాగానికి హద్దుగా మాస్కు గీయాలి: కిరీటం ఒకటి, చెవిపోగు ఒకటి, పెదవి ఒకటి. పాత్ర తల తిప్పితే మాస్కులన్నీ కూడా తిరగాలి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 256 మెట్లుంటాయి కాబట్టి యంత్రం పెట్టెలో మొత్తం 1.67 కోట్ల రంగులున్నాయి. చర్మం ఛాయను సహజంగా రప్పించడానికే 1,80,000 వర్ణాలు వాడామని సంస్థ చెప్పింది. గోడ రంగు తప్పినా ప్రేక్షకుడు ఊరుకుంటాడు, బుగ్గ రంగు తప్పితే ఊరుకోడు.

ఈ బృందం చేతిలో ఆనవాలు లేదు. 2004లో రంగుల్లో వచ్చిన ‘మొఘల్-ఎ-ఆజమ్’కు ఆ సౌకర్యం ఉంది. 1960లోనే అందులోని శీష్ మహల్ పాటను రంగుల్లో తీశారు కనుక ఎదురుగా ఒక నమూనా ఉన్నట్టే. ‘మాయాబజార్’ మొత్తం బ్లాక్ అండ్ వైటే. పైగా కృష్ణుడి ఒంటి రంగుకు ఏ నమూనా తెస్తారు? పురాణం నల్లనివాడంటుంది, క్యాలెండరు నీలమంటుంది. ఛాయాగ్రాహకుడు బార్ట్‌లీ పట్టుకున్న, 1957లో కృష్ణుడి వేషం వేసిన ఎన్టీఆర్ ముఖం బూడిద ఛాయగా ఉండబట్టి రెండింటికీ సరిపోయింది.

సెట్ మీది నిజమైన రంగు తెలిసినా చిక్కు తీరదు. ఆ కాలపు కళాదర్శకులు గోడకూ బట్టకూ రంగు ఎంచింది బూడిదలో ఎలా పడుతుందో చూసుకుని. ‘ఆడమ్స్ ఫ్యామిలీ’ అనే 1964 నాటి అమెరికన్ టీవీ సీరియల్‌లో దయ్యాల కొంపలా కనిపించే హాలు నిజానికి గులాబీ రంగు సెట్టు. నిజాయితీగా ఆ రంగే వేస్తే సీరియల్ పాడవుతుంది.

2016లో అమెరికన్ పరిశోధకులు జాంగ్, ఇసోలా, ఎఫ్రోస్ పదమూడు లక్షల ఫోటోలు చూపించి ఒక న్యూరల్ నెట్‌వర్కుకు రంగు వేయడం నేర్పారు. ఆకాశాన్నీ గడ్డినీ అది మాస్కు లేకుండానే పట్టేస్తుంది. చీర దగ్గరికి వచ్చేసరికి, తాను చూసిన ఫోటోల్లో అలాంటి చోట ఎక్కువగా ఉన్న రంగునే అందిస్తుంది. మనిషి ఊహించిన చోట యంత్రం అలవాటు చెబుతోంది. రంగు నిజంగా తిరిగొచ్చిన సందర్భం ఒకటుంది. బీబీసీ పాత రంగుల కార్యక్రమాలు కొన్నింటికి టీవీ తెరను చిత్రించిన బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములే మిగిలాయి. తెర మీది రంగు సిగ్నల్ ఆ ఫిల్ము మీద సన్నని చుక్కల్లా పడి ఉండడంతో 2008 నాటికి వాటిని చదివి అసలు రంగులు రాబట్టారు. అక్కడ సమాచారం దాగి ఉంది. సినిమా నెగిటివ్‌లో అది ఎన్నడూ లేదు.

అందుకే తగవులొచ్చాయి. ‘ది ఆస్ఫాల్ట్ జంగిల్’కు రంగు వేయడాన్ని దర్శకుడు జాన్ హ్యూస్టన్ వారసులు ఫ్రాన్స్ కోర్టుకు లాగితే, 1991లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం వారి వైపే నిలిచింది. మరోవైపు అవే పనిముట్లు ఇప్పుడు రంగు తీసేయడానికీ పనికొస్తున్నాయి. 2018 డిసెంబరులో వచ్చిన ‘కేజీఎఫ్’ను కోలారు గనుల సైనైడ్ దిబ్బల మీద రంగుల్లోనే తీసి, మసి, మట్టి, నిప్పు ఛాయలకు కుదించారు. వేసినా తీసినా అది ఒకరి నిర్ణయమే. దాన్ని తప్పు పట్టనక్కర్లేదు, ఎవరిదో మాత్రం తెలియాలి.

రంగుల ‘మాయాబజార్’లో కొన్ని పాటలు లేవు. నెగిటివ్ దెబ్బతిని రంగు వేయడానికి పనికిరాకపోవడమే కారణం. ఈ కథంతటిలో అసలు హెచ్చరిక అదే. నేటి రంగులు నచ్చకపోతే రేపు మెరుగైన యంత్రంతో మళ్ళీ వేసుకోవచ్చు. అప్పుడు మొదలుపెట్టాల్సింది 2010 నాటి రంగుల ప్రతితో కాదు, 1957 నాటి వెండి నెగిటివ్‌తో. రంగులకు పెట్టే ఖర్చులో తొలి వాటా దాన్ని చల్లగా, పొడిగా దాచడానికే పోవాలి.