నాలుగు కోళ్లూ ఒక్క తీరుగా...
లేత్ మిషన్‌కు రూటర్ తోడైతే వడ్రంగికి మేలు

మరిపెడ: నాలుగు కోళ్లలో ఒక్కటి పొట్టిదైనా మంచం కుంటుతుంది. పొడవు సరిపోయి గుబ్బలు, గాడుల్లో తేడా వస్తే మంచం కుంటదు గాని, కొనేవారు పెదవి విరుస్తారు. పట్నం సామాను కాళ్లు అచ్చు గుద్దినట్లు ఉంటాయి మరి. పెండ్లి మంచానికి జనం పట్నం దారి పడితే నష్టపోయేది ఊరి వడ్రంగే. లేత్ ఉన్నవారు దానికి రూటర్ జోడిస్తే ఈ లోటు తీరుతుంది.

లేత్ మీద కర్ర తిరుగుతుంది, ఉలి చేతిలో నిలుస్తుంది. నాలుగో కోడు నాటికి చేయి అలసి కొలత తప్పుతుంది. రూటర్‌లో బిట్టే నిమిషానికి పది వేల చుట్లకు పైగా తిరుగుతుంది. దాన్ని నడిపే దారి ముందే కట్టిపెడితే కొలత తప్పదు.

ఫర్మాయే కీలకం

లేత్ వెనుక చదునైన బల్ల అమర్చాలి. రూటర్‌ను పీట మీద అడ్డంగా బిగించి, బిట్టు మొన కర్ర నడిమి ఎత్తుకు వచ్చేలా చూడాలి. కోడు ఆకారంలో కోసిన ప్లైవుడ్ ఫర్మాను బల్లకు బిగించాలి. పీట కింది మేకు ఫర్మా అంచును తాకుతూ నడిస్తే, బిట్టు అదే వంపును కర్ర మీద దింపుతుంది. గుండు మొన బిట్టు వాడి, మేకును అదే మందంలో పెట్టుకోవాలి. లేత్‌ను నెమ్మదిగా తిప్పుతూ, విడతకు రెండు మూడు మిల్లీమీటర్లే కోయాలి.

ఈ కిటుకు పాతదే. నమూనాను చూసి కోసే యంత్రానికి అమెరికాలో థామస్ బ్లాంచర్డ్ 1819లో పేటెంటు పొందాడు. దానితో తుపాకీ కర్రలు చేసేవారు.

నిలువు గాడులకు లేత్‌ను ఆపి, ప్లగ్గు తీసేయాలి. 24 రంధ్రాల చక్రంతో కర్రను కదలకుండా బిగించాలి. మూడు రంధ్రాలకు ఒకసారి తిప్పితే ఎనిమిది గాడులు, రెండింటికి ఒకసారి తిప్పితే పన్నెండు వస్తాయి.

జాగ్రత్తలు

చదరపు కర్ర మీద నేరుగా రూటర్ పెట్టరాదు, ఎగదన్నుతుంది. ముందు ఉలితో గుండ్రంగా చేసుకోవాలి. పట్టె దూరే తల భాగాన్ని మాత్రం గీత గీసి చదరంగానే వదలాలి. పచ్చి కర్ర ఆరాక వంగుతుంది కనుక నాలుగింటికీ బాగా ఆరిన కర్రే వాడాలి. కళ్లద్దాలు తప్పనిసరి. మెడలో తువ్వాల, వదులు చేతుల చొక్కా పనికిరావు.

పనిముట్లు కొనలేని వారికి 2023 సెప్టెంబరు 17న మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకం ఉంది. వడ్రంగంతో కలిపి 18 వృత్తులకు ఇది వర్తిస్తుంది. పనిముట్లకు రూ.15 వేలు, 5 శాతం వడ్డీపై తొలి విడత రూ.లక్ష, మలి విడత రూ.2 లక్షల అప్పు ఇందులో ఉన్నాయి.

మిషన్ వచ్చినంత మాత్రాన చేతి పని పోదు. ఫర్మా గీసేది, కర్రను ఎంచేది వడ్రంగి కన్నే. ఒక్కసారి మంచి ఫర్మా కోసి దాచుకుంటే, ఏండ్ల తరువాత ఒక కోడు విరిగినా దానికి జోడు చేసి ఇవ్వవచ్చు. పట్నం దుకాణం ఆ పని చేసిపెట్టదు.